భూమధ్యరేఖ దాటే వేళ

ప్రశ్న: మొదటిసారి సుదీర్ఘ సముద్రయానానికి బయలుదేరుతున్నాను. భూమధ్యరేఖ దాటేటప్పుడు కొత్తవారికి ఏదో వేడుక జరుపుతారట. అందులో పాల్గొనక తప్పదా?

జవాబు: అది నావికుల ఆచారమే గాని నౌకాయాన నియమం కాదు కనుక, ఇష్టం లేకపోతే ఆ మాట కెప్టెన్‌కు ముందుగానే చెప్పండి. అయితే వీలైతే పాల్గొనమనే నా సలహా. సముద్ర దేవుడైన నెప్ట్యూన్ వేషంలో ఒక నావికుడు కొలువుతీరి, అంతవరకు రేఖ దాటని వారిని పిలిపించి, నేరాలు మోపి, ముఖానికి నురుగు పూసి గొరిగినట్లు నటించి, నీటిలో ముంచి, చివరకు ధ్రువపత్రం ఇవ్వడం వాడుక. కొత్తవారిని ఆంగ్ల నావికులు 'పాలీవాగ్' అంటారు, అంటే తోకకప్ప, దాటినవారు 'షెల్‌బ్యాక్'లు.

పూర్వం ఇది మొరటుగానే సాగేది. 1832 ఫిబ్రవరిలో బీగిల్ నౌకపై యువ చార్లెస్ డార్విన్ ముఖానికి తారు, రంగు పూసి, ఇనుప పట్టీతో గీకి, నీళ్లలోకి తోశారు. అలాంటి మొరటుతనాన్ని ఎవరూ సహించనక్కర్లేదు. ఉబ్బసం, చర్మవ్యాధి, నీటి భయం ఉంటే దాచకండి. వాటిని గౌరవించని వేడుక వేడుకే కాదు. కళ్లద్దాలు, ఉంగరాలు ముందే తీసేయండి. ధ్రువపత్రాన్ని భద్రపరచుకోండి, మరో నౌకలో మళ్లీ కొత్తవారిగా నిలబడవలసి రాకుండా అదే సాక్ష్యం.