రెండు వైస్‌లూ ఈఎంఐలో కొనేయాలా?

ప్రశ్న: వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో వేప పలకలతో 3 అంగుళాల మందం వడ్రంగి బల్ల చేసుకున్నాను. సెలవు రోజుల్లో స్టూళ్లు, గోడ అరలు చేసి అమ్మాలని ఉంది. చెక్కను దవడల మధ్య బిగించి పట్టే వైస్‌లలో, బల్ల ముందు అంచుకు బిగించే ‘ముందు వైస్’కు రూ.11,500, బల్ల చివర బిగించే వైస్‌కు రూ.9,000, రెండు హోల్డ్‌ఫాస్ట్‌లకు (బల్ల రంధ్రంలో దింపి పని చెక్కను అదిమిపట్టే వంపు కడ్డీలు) రూ.4,000 చెప్పారు. నా పొదుపంతా కలిపి రూ.16,000. మొత్తం సామాను క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐలో తీసుకోవచ్చా? పీఎం విశ్వకర్మ రుణం వస్తుందా?

జవాబు: ఈఎంఐ వద్దండీ. రూ.24,500కు నెలకు దాదాపు రూ.2,223 కట్టాలి. ఏడాదికి వడ్డీ రూ.2,175 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ రుసుము. రుసుము రూ.199 అనుకున్నా, అన్నీ కలిపి అదనపు భారం రూ.2,800 దాకా తేలుతుంది. ఒక హోల్డ్‌ఫాస్ట్ ధర కన్నా ఎక్కువే అది.

పీఎం విశ్వకర్మలో వడ్రంగులకు రూ.15,000 పనిముట్ల వోచరు, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష వరకు రుణం ఉన్న మాట నిజమే. కానీ అది కుటుంబాల్లో సంప్రదాయంగా వస్తున్న వృత్తుల్లో, సొంతంగా చేతిపని చేసుకునేవాళ్ల కోసం పెట్టిన పథకం. ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో పని చేసేవారికి వర్తించదు. అందుకోసం తప్పుడు వివరాలు రాయకండి.

ఇప్పటికి హోల్డ్‌ఫాస్ట్‌లు మాత్రం కొనండి. బల్లకు రంధ్రాలు వేసే బిట్టు, చిల్లర ఖర్చులు కలిపి రూ.5,000లో సరిపెట్టుకుంటే మీ దగ్గర రూ.11,000 మిగులుతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది ఆ డబ్బే కాబట్టి దాన్ని కదపకండి. ఈఎంఐ కట్టడానికి సిద్ధపడిన రూ.2,200ను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలలకు అసలే రూ.13,200 అవుతుంది. ముందు వైస్ నగదుకే వస్తుంది, బోల్టులకూ మిగులుతుంది.

ఈలోగా పని ఆగదు. హోల్డ్‌ఫాస్ట్ తలమీద కొడితే కడ్డీ రంధ్రంలో కొంచెం వాలి, పైన ఒక అంచునూ కింద ఎదుటి అంచునూ ఒరుసుకుని బిగుసుకుంటుంది. వెనకవైపు ఒక దెబ్బ వేస్తే ఊడి వస్తుంది. కడ్డీ వాలడానికి చోటు కావాలి కనుక రంధ్రం దానికన్నా ఒక వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. మరీ వదులైతే జారుతుంది, మరీ బిగువైతే అసలు వాలదు. మామూలుగా రంధ్రం 19 మిల్లీమీటర్లు. అయినా కడ్డీని వర్నియర్‌తో కొలిచాకే బిట్టు కొనండి. పోత ఇనుముది తీసుకోకండి, సుత్తి దెబ్బకు విరుగుతుంది. సాగగొట్టిన ఉక్కుదే అడగండి. కడ్డీ నున్నగా ఉండి జారుతుంటే 80 నంబరు ఉప్పుకాగితంతో అడ్డంగా రుద్దండి. మీ 3 అంగుళాల మందం దీనికి చక్కగా సరిపోతుంది.

రంధ్రాలన్నీ ఒకేసారి వేయకండి. బల్ల వెనకవైపు 15 అంగుళాలకొకటి చొప్పున మూడు, ముందు కాలిలో ఒకటి చాలు. కాలు బల్ల అంచుతో సమంగా ఉంటే, అక్కడ హోల్డ్‌ఫాస్ట్ పెట్టి పలకను నిలబెట్టి అంచు చిత్రిక పట్టుకోవచ్చు. బర్మా నిటారుగా దిగాలి. కింద వృథా చెక్క అదిమి పెడితే రంధ్రం అడుగున చీలికలు లేవవు. పని చెక్క మీద నొక్కు పడకుండా హోల్డ్‌ఫాస్ట్ పాదం కింద చిన్న చెక్కముక్క పెట్టండి.

బల్ల చివర వైస్ మాట మర్చిపోండి. బల్ల ఎడమ చివర సన్నటి అడ్డపట్టీ బిగించి, పలక కొసను దానికి ఆనించండి. మరో అడుగున్నర పొడవు పట్టీ ఒక కొసకు లంబకోణంలో గాటు కోసి, ఆ గాటును పలక వెనక మూలకు ఆనించి, పట్టీని హోల్డ్‌ఫాస్ట్‌తో అదిమితే పలక కదలదు. చిత్రికకు అంతకుమించి పట్టు అక్కర్లేదు. స్టూలుకు చెక్క, జిగురు, రవాణా పోను రూ.400 మిగులుతుందనుకున్నా, ఆ రూ.9,000 తిరిగి రావాలంటే 23 స్టూళ్లు అమ్మాలి. ముందు అమ్మకాలు ఎలా ఉన్నాయో ఆరు నెలలు లెక్క రాయండి.

ముందు వైస్ కొనేటప్పుడు ఇనుప పనికి వాడే ఫిట్టర్ల వైస్ అంటగట్టకుండా చూసుకోండి. దాని గళ్ల దవడలు చెక్కను నమిలేస్తాయి. వడ్రంగి వైస్ దవడను సగం తెరిచి పైకీ పక్కకూ ఊపి చూడండి. ఎక్కువగా ఊగితే వద్దనండి. మూస్తున్నప్పుడు దవడల పై అంచులు ముందుగా తాకాలి. అడుగు అంచులు ముందు తాకితే పలక పైకి జారుతుంది.

బిగించేటప్పుడు లోపలి దవడను బల్ల అంచులోకి చెక్కి, దాని ముఖం అంచుతో సమంగా వచ్చేలా కూర్చోబెట్టండి. అప్పుడే పొడవాటి పలకకు బల్ల అంచు మొత్తం ఆసరాగా ఉంటుంది. ఇనుము పై అంచు బల్ల ఉపరితలానికి అర అంగుళం కిందే ఉండాలి, లేదంటే చిత్రిక బ్లేడు తగిలి దాని అంచు విరుగుతుంది. స్క్రూలు కాకుండా బల్ల గుండా దిగే బోల్టులు, వెడల్పు వాషర్లు వేయండి. పలకను దవడ ఒక పక్కనే పట్టించాల్సి వస్తే, రెండో పక్క అంతే మందం ముక్క పెట్టండి. అది లేకుండా బిగిస్తే దవడ ఓరగా తిరిగి, కొన్నాళ్లకు వైస్ కడ్డీలు వంకరపోతాయి.