‘ఇండియా తరఫున ఎంపికయ్యారు’ అని మెయిల్ వచ్చింది, లక్ష కట్టమంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఏ. పెయింటింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. వేసిన బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటుంది. పోయిన వారం ఇటలీ నుంచి మెయిల్ వచ్చింది. అంతర్జాతీయ ఆర్ట్ ఎగ్జిబిషన్‌లో మన దేశానికి ప్రతినిధిగా ఎంపికైందట. పార్టిసిపేషన్ ఫీజు 980 యూరోలు, పది రోజుల్లో కట్టాలట. మాది ఎరువుల దుకాణం. చీటీ ఎత్తితే లక్ష చేతికొస్తుంది. దేశం తరఫున అంటే మాటలా అని ఇంట్లో అందరూ అంటున్నారు. కట్టమంటారా? అసలు ఇలాంటి పిలుపులు ఎవరికి, ఎలా వస్తాయి?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: కట్టకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది, మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మీరు జతచేసిన మెయిల్ రెండుసార్లు చదివాను. ‘డియర్ ఆర్టిస్ట్’ అని మొదలైంది. మీ అమ్మాయి పేరు ఎక్కడా లేదు. ఏ బొమ్మ చూసి ఎంపిక చేశారో ఒక్క ముక్క లేదు. బ్యాంకు ఖాతా వివరాలు మాత్రం రెండు చోట్ల ఉన్నాయి. ఇండియా తరఫున అని రాశారు కానీ, ఇండియాలో ఎవరు ఎంపిక చేశారో రాయలేదు. నాకు అన్నిటికన్నా పెద్ద అనుమానం అక్కడే వచ్చింది.

నిజమైన పిలుపు ఎలా వస్తుందో చెప్తాను. వెనిస్ బియెన్నాలేనే తీసుకోండి, ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన అది. 1895లో మొదలైంది, ఇలాంటి ప్రదర్శనల్లో అన్నిటికన్నా పాతది. అక్కడ దేశాలకు వేరువేరుగా పెవిలియన్లు, అంటే ఒక్కో దేశం తన కళాకారుల పని చూపించే చోట్లు, ఉంటాయి. పాల్గొంటామని చెప్పాల్సింది ప్రభుత్వం. ప్రభుత్వం తరఫున కమిషనర్ అని ఒకరు బాధ్యత తీసుకుంటారు. ఆ తర్వాత క్యురేటర్ వస్తారు. ఏం చూపించాలి, ఎవరి పని చూపించాలి అని ఆలోచించేది ఆయనో ఆమో. కళాకారుడికి కబురు అందేది ఇదంతా జరిగాకే. ఏ దేశానికి కమిషనర్ ఎవరు, క్యురేటర్ ఎవరు, కళాకారులు ఎవరు అన్నది బియెన్నాలే వాళ్ళే బయటికి ప్రకటిస్తారు. ఇందులో దాపరికమేమీ లేదు. ఇది కాక అదే వేదికలో బియెన్నాలే క్యురేటర్ స్వయంగా కళాకారుల్ని పిలిచి పెట్టే పెద్ద ప్రదర్శన ఒకటి ఉంటుంది. అందులో ఉన్నవాళ్ళు తమ పని తాము చూపిస్తారు, అక్కడ దేశ ప్రాతినిధ్యం అన్న మాట రాదు.

మన దేశానికి అక్కడ సొంత భవనం లేదు. 2011లో లలిత కళా అకాడెమీ తరఫున రంజిత్ హోస్కోటే క్యురేటర్‌గా ఇండియా పెవిలియన్ పెట్టారు. 2019లో కేంద్ర సాంస్కృతిక శాఖ పెట్టింది, క్యురేటర్ రూబీనా కరోడే. 2019లో ఎవరి బొమ్మలు వెళ్ళాయో తెలుసా? వెళ్ళినవాటిలో శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్‌వి ఉన్నాయి. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభకు గాంధీగారు అడిగితే వేసిన పోస్టర్లు. పల్లె జనం, వాళ్ళ పనిపాటలు, వాయిద్యాలు. పందిళ్ళకు, ద్వారాలకు కట్టడానికి వేసినవి 81 ఏళ్ళకు దేశం పేరుతో వెనిస్ గోడ ఎక్కాయి. అప్పటికి ఆయన లేరు కూడా.

2011లో వెళ్ళిన కళాకారుల్లో జరీనా హష్మీ ఒకరు. అప్పటికి ఆవిడ వయసు డెబ్భై దాటింది. చదివింది గణితం. ప్రింట్‌మేకింగ్, అంటే రేకు మీదో చెక్క మీదో బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే కళ, నేర్చుకున్న చోట్లలో పారిస్‌లోని అటెలియర్ 17 స్టూడియో ఒకటి. మీ అమ్మాయికి ఈ విషయం తప్పకుండా చెప్పండి: ఆ స్టూడియోకి పేరు తెచ్చినవాళ్ళలో మన చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి ఉన్నారు. ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి పల్చన చేసి, ఇంకో రంగు చిక్కగా ఉంచి, ఒకే లోహపు రేకు మీద రెండూ కలిసిపోకుండా రోలర్‌తో ఎక్కించి, ఒక్క ఒత్తుకే అన్ని రంగులూ కాగితం మీదికి వచ్చేలా చేసే పద్ధతిని సాధించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. రంగు ఎంత చిక్కగా ఉంటే దేన్ని పట్టుకుంటుంది, దేన్ని తోసేస్తుంది అని ఏళ్ళ తరబడి చూసిన మనిషి. ఈ రోజుకీ ప్రపంచంలో ప్రింట్‌మేకింగ్ నేర్పే చోట ఆయన పేరు చెప్పుకుంటారు.

దేశం పేరు వాడుకోవడం ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి కెన్యా సంగతి ఒకటి చాలు. 2015లో వెనిస్‌లో కెన్యా పెవిలియన్ అని ప్రకటించారు. జాబితా చూస్తే ఎక్కువమంది చైనా కళాకారులు. 2013లోనూ దాదాపు ఇదే తంతు. నైరోబీ కళాకారులు ఊరుకోలేదు. మైకేల్ సోయి అనే చిత్రకారుడు ఆ కోపంతో వరసగా బొమ్మలే వేశాడు. చివరికి కెన్యా ప్రభుత్వం ఆ పెవిలియన్‌తో తమకు సంబంధం లేదని చెప్పాల్సి వచ్చింది. అసలు వేదిక మీదే ఇలా జరిగినప్పుడు, ఎక్కడో అద్దె హాలు తీసుకుని ‘రిప్రజెంటింగ్ ఇండియా’ అని సర్టిఫికెట్ అచ్చువేయడం ఎంత పని?

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే కట్టాడు. అమ్మ గాజులు తాకట్టు పెట్టారు. ప్రదర్శన అయ్యాక నిర్వాహకులు వీడియో పంపారు. హాల్లో గోడకు ఒక టీవీ, అందులో బొమ్మలు స్లైడ్లలా మారుతున్నాయి. వాడి బొమ్మ వచ్చి వెళ్ళేంతలో నేను చూసింది ఆరు సెకన్లు. దాని కింద వాడి పేరులో ఒక అక్షరం తప్పు. ఆ వీడియో నాకు చూపిస్తున్నప్పుడు వాడు నా మొహం వైపు చూడలేకపోయాడు. మీకు ఇంత గట్టిగా వద్దని చెప్పడానికి కారణం ఆ పిల్లాడే. తర్వాత ఎం.ఎఫ్.ఏ. ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ గురించి ఒక్కరూ అడగలేదు, స్కెచ్ బుక్కులే తిరగేశారు.

ఒక తేడా మాత్రం గమనించండి. పోటీలకు దరఖాస్తు చేసేటప్పుడు కొద్దిపాటి ఎంట్రీ ఫీజు ఉండటం మామూలే. దాన్ని చూసి భయపడక్కర్లేదు. ముందు ఎంపికయ్యారని చెప్పి, ఆ తర్వాత వేలూ లక్షలూ అడిగితేనే అనుమానించాలి. అలాగే కొన్ని దేశాలు కళాకారుడు, క్యురేటర్ కలిసి ప్రతిపాదన పంపమని బహిరంగంగా అడుగుతాయి. ఆస్ట్రేలియా అలాగే చేస్తుంది. 2024లో అక్కడి నుంచి వెళ్ళిన ఆర్చీ మూర్ నల్లటి గోడల నిండా సుద్దముక్కతో తన వంశవృక్షం రాశాడు, 65,000 ఏళ్ళ వెనక్కి వెళ్ళేలా. ఉత్తమ పెవిలియన్‌కి ఇచ్చే గోల్డెన్ లయన్ ఆ దేశానికి మొదటిసారి వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. కేరళలో జరిగే కొచ్చి–ముజిరిస్ బియెన్నాలేకి అనుబంధంగా స్టూడెంట్స్ బియెన్నాలే జరుగుతుంది, దేశంలోని ఆర్ట్ కాలేజీల పిల్లల పనిని క్యురేటర్లు చూసి తీసుకుంటారు. దాని గురించి డిపార్ట్‌మెంట్‌లో అడగమనండి. లలిత కళా అకాడెమీ నేషనల్ ఎగ్జిబిషన్‌కి పంపడం అలవాటు చేసుకోమనండి. మొదటిసారే రాకపోవచ్చు, ఫరవాలేదు. డిగ్రీ అయ్యాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. వయసు 18 నుంచి 25, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు. మిగతా అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఈలోగా ప్రతి బొమ్మనూ పగటి వెలుతురులో, వంకర లేకుండా ఫొటో తీసి, కొలతలు, మాధ్యమం, ఏడాది రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోమనండి. అసలైన క్యురేటర్ ఎవరైనా అడిగినప్పుడు చూసేది అదే.

ఈసారి కొచ్చి బియెన్నాలే జరిగేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి. మీ ఊరి మీదుగానే శబరి ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, ఎర్నాకుళంలో దిగితే ఫోర్ట్ కొచ్చికి పడవ దొరుకుతుంది. ఆ లక్షలో పదో వంతు కూడా అవ్వదు. తను ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడుతుందో పక్కన ఉండి చూడండి.

మెయిల్ నమ్మినందుకు అమ్మాయిని ఏమీ అనకండి. తన పని ఎవరో చూశారన్న సంతోషంతో నమ్మింది. కావాలంటే ఒక్క వాక్యం జవాబు రాయమనండి: ‘ఇండియా పెవిలియన్‌కి కమిషనర్ ఎవరు, నా ఏ చిత్రాన్ని ఎంపిక చేశారు?’ అని. సరైన సమాధానం వస్తే నాకు పంపండి, కూర్చుని చదువుదాం. చీటీ మాత్రం ఇప్పుడు ఎత్తకండి. రెండేళ్ళలో ఎం.ఎఫ్.ఏ.కి బరోడాలోనో శాంతినికేతన్‌లోనో సీటు వస్తే హాస్టల్‌కి, రంగులకి అప్పుడు కావాలి.