ఇంటర్ ఆపకుండా చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ (ఆటలో అన్నిటికన్నా పెద్ద బిరుదు) అయినవాళ్ళు ఉన్నారా?

ప్రశ్న అడిగినావిడ కింద వివరం కూడా రాశారు. అబ్బాయి ఇంటర్ మొదటి ఏడు, రేటింగ్ (ఆటగాడి బలం చెప్పే అంకె) 1850 దాటింది, రెండేళ్ళు చదువు పక్కన పెడితే తప్ప పైకి రాడని అకాడమీలో అంటున్నారట. ఇంట్లో రోజూ ఇదే గొడవట.

ఉన్నారండీ. కెనడాలో ఏబ్ యనోఫ్‌స్కీ అని ఒకాయన. ఎనిమిదిసార్లు కెనడా ఛాంపియన్, ఆ దేశానికి మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్. వృత్తి వకాలత్, పైగా మేయర్ కూడా. ఆయనున్న విన్నిపెగ్‌లోనే నేను ఎనిమిదేళ్ళుగా అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. ఆయన గురించి చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. నేనూ మీ అబ్బాయిలాంటివాణ్ణే.

మాది తెనాలి. నాకూ ఇంటర్ రెండో ఏట ఒక కోచ్ ఇదే మాట చెప్పాడు. మా నాన్న నెల రోజులు తన్నుకులాడి చివరికి సరే అన్నారు. కాలేజీ మానేశాను. పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఓపెనింగులే, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులే. సిసిలియన్ అనే ఓపెనింగులో ఇరవయ్యో ఎత్తు దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇరవై ఒకటో ఎత్తు నుంచి ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది రాజమండ్రిలో ఒక కళ్యాణ మండపంలో ఓపెన్ టోర్నమెంటు. బల్లల మీద పెళ్ళిభోజనాల మరకలు ఇంకా పోలేదు. ఐదో రౌండులో నా ఎదుట రైల్వే టీసీ ఒకాయన కూర్చున్నాడు. తెల్ల చొక్కా మాసిపోయి ఉంది, నల్లకోటు కుర్చీకి తగిలించాడు. "నైట్ డ్యూటీ దిగి సరాసరి ఇటే వచ్చాను బాబూ, కునుకు పడితే లేపు" అన్నాడు. నాకు లోపల ఒకటే సంబరం. ఈ పాయింటు నాదే అనుకున్నాను.

నాలుగు గంటలకి బోర్డు మీద మిగిలింది ఇంతే (నావి తెల్ల పావులు; గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). నా ఏనుగు ఏ8లో, దాని కింద ఏ7లో నా బంటు. ఆయన ఏనుగు వెనక ఏ1 నుంచి బంటుని పట్టుకుని ఉంది. ఆయన రాజు జీ7లో. నాకు ఒక బంటు ఎక్కువ, కానీ నా ఏనుగే నా బంటుకి అడ్డం. నా రాజు సాయానికి వెళ్తే ఆయన వెనక నుంచి చెక్కులిచ్చి తరిమేస్తాడు. ఆయన చెయ్యాల్సిందల్లా రాజుని జీ7, హెచ్7 మధ్య తిప్పుతూ కూర్చోవడమే. అలాగే కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, నిజంగానే కునుకు పట్టిందేమో, రాజుని ఎఫ్7లో పెట్టాడు.

నేను చూసుకోలేదు. రాజునే ఇంకో గడి జరిపాను. ఆయన తిరిగి జీ7కి వెళ్ళిపోయాడు. డ్రా.

స్కోర్ షీట్ల మీద సంతకాలయ్యాక ఆయనే పావులు వెనక్కి పెట్టాడు. "చూడు బాబూ, నేను ఎఫ్7లో ఉన్నప్పుడు నువ్వు ఏనుగుని హెచ్8కి తీసుకెళ్ళి ఉంటే? బంటు మంత్రి కాబోతోంది కాబట్టి నేను దాన్ని తినాలి. తిన్నానా, నువ్వు హెచ్7లో చెక్. రాజు పక్కకి జరుగుతాడు, వెనకున్న ఏనుగు నీది." పెళ్ళిళ్ళ సీజన్‌లో రద్దీ రైళ్ళ గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఏడాదంతా చదువు మానేసి ఆడిన నాకు తెలియనిది, సెలవు దొరికినప్పుడు ఆడే టీసీకి తెలుసు.

ఆ తర్వాత రెండు టోర్నమెంట్లు ఆడి ఆపేశాను. ఇంటర్ ప్రైవేటుగా కట్టి, బీకాం చేసి, ఏవో తిప్పలు పడి ఇక్కడ తేలాను.

ఇక్కడ ఒక చలికాలం, బయట మైనస్ ముప్పై, మావాణ్ణి లైబ్రరీలో చెస్ ఆడించడానికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక ముసలాయన నేను తెలుగువాణ్ణని, చెస్ ఆడేవాణ్ణని తెలిసి "మా మేయర్ బోత్వినిక్‌ని ఓడించాడు, తెలుసా?" అన్నాడు. బోత్వినిక్ అంటే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, వేళాకోళం అనుకున్నాను. ఇంటికొచ్చి వెతికితే నిజం.

యనోఫ్‌స్కీ 1925లో పోలండులోని బ్రోడీలో పుట్టాడు (ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది). పాలు తాగే వయసులోనే విన్నిపెగ్ తెచ్చేశారు. పద్నాలుగేళ్ళకి 1939 బ్యూనస్ ఐరిస్ చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) కెనడా జట్టులో రెండో బోర్డు మీద ఆడి అందరినీ నోరెళ్ళబెట్టించాడు. పెరూ ఆటగాడు డులాంటో మీద ఆయన గెలిచిన ఆటని స్వయానా ప్రపంచ ఛాంపియన్ అలెఖైన్ మెచ్చుకున్నాడు. ఆ ఒలింపియాడ్ జరుగుతుండగానే యూరప్‌లో యుద్ధం మొదలైంది. పోలండు ఆటగాడు నైడార్ఫ్ లాంటివాళ్ళు ఇంటికి వెళ్ళే దారి లేక అర్జెంటీనాలోనే ఉండిపోయారు. మన కుర్రాడు తిరిగొచ్చి 1941లో, పదహారేళ్ళకి, కెనడా ఛాంపియన్ అయ్యాడు. తర్వాత నేవీలో చేరాడు.

నేవీ నుంచి బయటికొచ్చాక 1946లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఆడాడు. యుద్ధం తర్వాత మొదటి పెద్ద టోర్నమెంటు, ఇరవై మంది. బోత్వినిక్ మొదటి స్థానం, మాక్స్ యూవె రెండో స్థానం. బోత్వినిక్ ఓడినవి మూడే ఆటలు, అందులో ఒకటి ఈ ఇరవై ఒక్కేళ్ళ కెనడా కుర్రాడి చేతిలో. రెండేళ్ళకి ప్రపంచ ఛాంపియన్ కాబోయేవాడి మీద గెలుపు అది. మీ అకాడమీవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పండి. ఆ బోత్వినిక్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. యూవె లెక్కల మాస్టారు. అంటే మొదటి రెండు స్థానాల్లోనూ ఉద్యోగస్తులే.

యనోఫ్‌స్కీ మళ్ళీ పుస్తకాల్లో పడ్డాడు. విన్నిపెగ్‌లో లా, తర్వాత ఆక్స్‌ఫర్డ్. 1953లో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, అదే ఏడాది కెనడాదీ గెలిచాడు. ఊరికొచ్చి ప్రాక్టీసు పెట్టాడు. 1961 నుంచి 1971 దాకా విన్నిపెగ్ శివారు ఊరు వెస్ట్ కిల్డోనన్‌కి మేయరు. 1964లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు వచ్చేటప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు, అప్పటికి మేయర్ కుర్చీలోనే ఉన్నాడు. 1963, 1965 కెనడా ఛాంపియన్‌షిప్‌లూ మేయరుగా ఉండగా గెలిచినవే. 1967లో విన్నిపెగ్‌కి స్పాస్కీ, కెరెస్, లార్సెన్ లాంటి మేటి ఆటగాళ్ళని రప్పించి టోర్నమెంటు జరపడంలోనూ ఆయన చెయ్యి ఉంది. వెస్ట్ కిల్డోనన్ విన్నిపెగ్‌లో కలిసిపోయాక 1986 దాకా కౌన్సిలరు. 2000లో పోయాడు.

చదువు మానేసి ఉంటే ఇంకా పైకి పోయేవాడు కదా అని ఎవరో అంటారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో ఇంటర్‌జోనల్ అనే అర్హత పోటీ దాటలేదన్నది నిజమే. అయినా ఆ మాట నేను ఒప్పుకోను. చలికి ఆరు నెలలు తలుపులేసుకునే ఊళ్ళో, సాటి ఆటగాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్నచోట, ఒంటరిగా చెస్ మీదే బతికి ఉంటే పాతికేళ్ళకే విసుగెత్తి మానేసేవాడు. వకాలత్ ఉంది కాబట్టే నలభై దాటినా ఛాంపియన్‌గా ఆడాడు. ఆయన బలం ఎండ్‌గేమ్, అంటే పావులు తక్కువ మిగిలిన ఆట చివరి దశ. నా టీసీ బలమూ అదే. తీరిక తక్కువున్నవాడు పనికొచ్చేదే నేర్చుకుంటాడని నా సిద్ధాంతం.

అర్జున్ ఎరిగైసి పేరు తీస్తారు మనవాళ్ళు. అతను పదిహేనేళ్ళ లోపే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మీ అబ్బాయీ అలా అయిపోయి ఉంటే ఈ ప్రశ్నే అడిగేవారు కాదు మీరు. అన్నట్టు కోనేరు హంపి కూడా ఓఎన్‌జీసీ ఉద్యోగే, పాప పుట్టాక విరామం తీసుకుని తిరిగొచ్చి 2019లో ప్రపంచ రాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆట ఎక్కడికీ పారిపోదు. ఫీజులు కట్టించుకునేవాళ్ళకే తొందర.

ఒక పని చెయ్యండి. పైన రాసిన ఏ7 బంటు, ఏ8 ఏనుగు పొజిషన్ బోర్డు మీద పెట్టి, నల్ల రాజుని ఎఫ్7లో ఉంచి మీ అబ్బాయిని అడగండి. తర్వాత అదే కోచ్‌ని కూడా అడగండి, మొహమాటం వద్దు. ఇంటర్ ఫీజు గడువు మాత్రం చూసుకోండి, ఆలస్య రుసుముతో కూడా కట్టించుకుంటారు. నేను ఆ ఏడాది అదీ దాటబెట్టాను.