గీత దాటిన సెనేటర్ పార్టీ టికెట్ అడగవచ్చునా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సొంత పార్టీకి ఎదురు నిలిచి ఓటు వేసే సెనేటర్‌ను అక్కడ ‘మావెరిక్’ అంటారనీ, అలాంటివారు అధ్యక్ష పదవికి అదే పార్టీ టికెట్ కోరడం కూడా ఉందనీ ఫోన్‌లో చెప్పాడు. సాయంత్రం మా అరుగు మీద ఆ మాట ఎత్తగానే రెండు పక్షాలు తేలాయి. పార్టీని ధిక్కరించినవాడు ఏ ముఖంతో టికెట్ అడుగుతాడని రిటైరైన మాస్టారు ఒకరు అన్నారు. మన ఊళ్లో పుట్టిన వి.వి.గిరి గారు పార్టీ అభ్యర్థినే ఓడించి రాష్ట్రపతి కాలేదా, ఈయన కూడా అలాగే స్వతంత్రంగా నిలబడవచ్చు కదా అని మరొకరి వాదన. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బరంపురం, ఒడిశా

జవాబు: ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో టెక్సాస్‌లో శామ్యూల్ మావెరిక్ అనే భూస్వామి తన పశువులకు అచ్చు వేయించేవాడు కాదు. అచ్చు లేని దూడ ఎక్కడ కనిపించినా అది మావెరిక్‌దే అనడం అలవాటై, క్రమంగా ఏ ముద్రకూ లొంగని మనిషికి ఆ పేరు స్థిరపడింది. మన దగ్గర లెక్క తలకిందులు. ఇక్కడ ఇష్టం వచ్చినట్లు తిరిగేది అచ్చోసిన ఆంబోతే.

మాస్టారి అభ్యంతరం మన చట్టానికి అలవాటు పడిన మనసులోంచి వచ్చింది. 1985 నుంచి ఇక్కడ విప్‌ను కాదని ఓటు వేసిన సభ్యుడి పదవికే ముప్పు ఉంటుంది. అమెరికా సెనేట్‌లో అలాంటి చట్టం లేదు. పైగా అక్కడ టికెట్ ప్రధానంగా అధిష్ఠానం చేతిలో ఉండదు, రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీలలో మామూలు ఓటర్లే దాన్ని తేలుస్తారు. కాబట్టి అడిగే హక్కు గురించి సందేహం అక్కరలేదు.

ఇక గిరి గారి ఉదాహరణ. 1969లో ఆయన గెలుపును తేల్చింది పార్లమెంటు, శాసనసభల సభ్యులు. అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టిన తరువాత. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్న ప్రధాని ఇందిరా గాంధీ అండ ఆయనకు ఉంది. (ఓడిన నీలం సంజీవరెడ్డి గారూ తెలుగువారే కనుక మన అరుగులకు ఆ ఏడు రెండు వైపులా పండుగే.) అమెరికాలో స్వతంత్ర అభ్యర్థికి అలాంటి దారి లేదు. 1992లో రాస్ పెరో సుమారు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నా, ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాకపోవడంతో అధ్యక్షుడిని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో ఆయనకు ఒక్కటీ దక్కలేదు. అందువల్ల గెలుపు మీద ఆశ ఉన్న సెనేటర్ పార్టీ గుమ్మమే తట్టాలి.

ఆ గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో మీ అబ్బాయి ఉన్న అరిజోనాకే చెందిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. 2000లో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ కోరుతూ ఆయన ఒక బస్సులో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమంతా తిరిగాడు. వెంట వచ్చిన విలేఖరులు అడిగినన్ని ప్రశ్నలకు బస్సులోనే జవాబు చెబుతూ, ఎన్నికల్లో ధనబలాన్ని అరికట్టాలన్న ఒక్క అంశాన్ని ఊరూరా సభల్లో వినిపించాడు. ఫిబ్రవరి 1న అక్కడి ప్రైమరీలో, అదే టికెట్ కోరిన జార్జి బుష్‌ను 18 శాతం తేడాతో ఓడించాడు. ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లకు ఆ రాష్ట్రంలో నచ్చిన పార్టీ ప్రైమరీలో ఓటు వేసే వీలుంది. వాళ్లు ఆయన వైపు మొగ్గారు. తరువాత వచ్చిన చాలా రాష్ట్రాల్లో సొంత పార్టీ నికార్సయిన ఓటర్లు మాత్రం బుష్‌నే కోరుకున్నారు. ఫిబ్రవరి 19న దక్షిణ కరోలినాలో ఓడిన మెకెయిన్ మార్చి 9న పోటీ నుంచి తప్పుకున్నాడు. ఎదురు తిరిగే సెనేటర్‌కు ఎప్పుడూ వచ్చే చిక్కు ఇదే: ఆయనను మెచ్చేవారిలో చాలామంది ఆ ఇంటివాళ్లు కారు.

అయినా నేను పోటీ చేయమనే అంటాను. ఓడిన మెకెయిన్ పట్టుబట్టిన ఎన్నికల నిధుల సంస్కరణ 2002లో చట్టమైంది. దాని మీద సంతకం పెట్టినవాడు ఆయనను ఓడించి, ఆపైన అధ్యక్షుడైన బుషే. 2008లో మాత్రం ఆయనకు టికెట్ దక్కింది. 2001లో బుష్ పన్ను తగ్గింపులకు వ్యతిరేకంగా ఓటు వేసిన ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లలో ఒకడైన ఆయన, ఈసారి వాటినే కొనసాగిస్తానని మాట ఇచ్చాడు. ఆ నవంబరులో ఒబామాకు 365 ఎలక్టోరల్ ఓట్లు, ఆయనకు 173 వచ్చాయి. ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన ఆ ఏడాది ఏ రిపబ్లికన్‌కైనా గెలుపు కష్టమే కావచ్చు. కానీ సొంత మాటను కూడా వదులుకుని ఓడడం నాకు పెద్ద నష్టంగా తోస్తుంది. టికెట్ కోసం తన అసమ్మతినే దాచుకోవలసి వచ్చే సెనేటర్ పోటీకి దిగకపోవడమే మేలు.

దిగకపోతే పోయేదేమిటని మాస్టారు అడగవచ్చు. నెబ్రాస్కా రాష్ట్రపు రిపబ్లికన్ సెనేటర్ చక్ హేగెల్ ఇరాక్ యుద్ధం విషయంలో సొంత పార్టీకే చెందిన దేశాధ్యక్షుడు బుష్‌ను గట్టిగా విమర్శించాడు. 2007 మార్చిలో ఆయన విలేఖరులను తన రాష్ట్రంలోని ఒమాహాకు పిలిస్తే, పోటీ ప్రకటిస్తాడని అందరూ ఎదురుచూశారు. తన రాజకీయ భవిష్యత్తు గురించి తరువాత నిర్ణయించుకుంటానని మాత్రం చెప్పాడు. సెప్టెంబరులో పోటీ లేదని తేల్చేశాడు. ఆ ఏడాది రిపబ్లికన్ అభ్యర్థులు వరుసగా చర్చలకు కూర్చున్నప్పుడు యుద్ధాన్ని నిలదీసే పని టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడు రాన్ పాల్ మీద పడింది. సహచరుల వాదనకు ఎదురు చెప్పిన ప్రతిసారీ ఆయన ఒంటరిగానే కనిపించాడు.