మీరు చేసే అణువు మందు అవుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తిచేశాను. ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో ఉద్యోగం వచ్చింది. కొత్త సమ్మేళనాలు తయారుచేసి పరీక్షించడమంటే రోజూ ఏమి చేస్తారు? నేను చేసిన అణువు మందు అయ్యే అవకాశం ఉందా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: చాలా తక్కువ. హైదరాబాదులో పదకొండేళ్లు ఇదే పని చేశాను. నా నోటుపుస్తకాల లెక్కన నాలుగు వందలకు పైగా కొత్త సమ్మేళనాలు చేశాను. వాటిలో మూడే ఎలుకల మీద పరీక్షల దాకా వెళ్లాయి, మందుల దుకాణం దాకా ఒక్కటీ వెళ్లలేదు. మా రంగంలో ఇది తల దించుకోవలసిన లెక్క కాదు.

రోజువారీ పని మీకు చాలావరకు తెలిసినదే. చర్య మొదలుపెట్టడం, చర్య ఎంతవరకు వచ్చిందో తెలియడానికి గంటకోసారి టీఎల్‌సీ ప్లేటు (పలుచని సిలికా పూత ఉన్న పలక) మీద చుక్క పెట్టి యూవీ దీపం కింద చూడటం, కావలసిన పదార్థాన్ని సిలికా కాలమ్‌లో (సిలికా పొడి నింపిన గొట్టంలో) వేరుచేయడం, అణువు నిర్మాణం చెప్పే ఎన్‌ఎంఆర్, దాని బరువు చెప్పే మాస్ పరీక్షలు చూసుకోవడం. సగం రోజు కాలమ్ దగ్గరే గడిచిపోతుంది. చివరికి చిన్న సీసాలో పది మిల్లీగ్రాముల పొడి మిగులుతుంది. దానికి ఒక సంకేత సంఖ్య రాసి బయాలజీ వారికి పంపుతాము. రెండు వారాలకు ఫలితాల పట్టిక వస్తుంది. అందులో అందరి కళ్లూ ముందు పడేది ఐసీ50 మీద. మందు ఆపవలసిన ఎంజైమ్ పనిని సగానికి తగ్గించడానికి ఎంత గాఢత కావాలో చెప్పే అంకె అది. ఎంత చిన్నదైతే అంత మంచిది.

చేరిన రెండో ఏడాది నా సమ్మేళనం ఒకటి ఆ అంకెలో మిగతావాటికంటే వంద రెట్లు మెరుగ్గా వచ్చింది. మా బృంద నాయకుడు మిఠాయిలు తెప్పించి, ఎక్కువ మోతాదులో మళ్లీ చేయమన్నారు. ఈసారి కాలమ్‌తో ఆగకుండా స్ఫటికీకరణ కూడా చేసి, అద్దంలాంటి నమూనా పంపాను. ప్రభావం సున్నా! మూడు వారాలు ఎన్‌ఎంఆర్ కాగితాలు ముందేసుకుని, నిర్మాణమే తప్పు రాశానేమోనని తల పట్టుకున్నాను. చివరికి బయాలజీలో పనిచేసే ఒక మేడమ్ పాత నమూనాలో ఈడీటీఏ కలిపి మళ్లీ పరీక్షించారు. లోహ అయాన్లను పట్టేసుకునే పదార్థం అది. కలపగానే ఆ గొప్ప ప్రభావమంతా మాయమైంది. ముందు దశలో అణువులోని నైట్రో సమూహాన్ని (నైట్రోజన్, ఆక్సిజన్‌ల గుంపు) అమీన్‌గా (క్షారగుణమున్న నైట్రోజన్ గుంపు) మార్చడానికి జింకు పొడి వాడాను. అది కొంచెం నమూనాలో ఉండిపోయింది. ఎంజైమ్‌ను ఆపింది నా అణువు కాదు, జింకు. మామూలు ఎన్‌ఎంఆర్‌లో అది కనబడదు కదా. అదృష్టం, మిఠాయిలు ఎవరూ వెనక్కి అడగలేదు.

అలాంటి తప్పులు లేకుండా నిజంగానే మంచి ఐసీ50 వచ్చినా అసలు కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. మరొక శ్రేణిలో మాకు చాలా బలమైన అణువు దొరికింది. కాలేయపు మైక్రోసోములతో (మందులను విరగ్గొట్టే ఎంజైములున్న కాలేయ కణాల ముక్కలతో) కలిపితే పది నిమిషాలలో సగం ఖర్చయిపోయింది. బెంజీన్ వలయం మీద ఉన్న మెథాక్సీలోని (ఆక్సిజన్‌కు మిథైల్ తగిలిన గుంపు) మిథైల్‌ను కాలేయం కత్తిరించేస్తోంది. ఆ మెథాక్సీ స్థానంలో ఫ్లోరిన్ పెట్టాము. కాలేయం ముట్టుకోలేదు, కానీ బలం ఇరవై రెట్లు పడిపోయింది. మధ్యేమార్గంగా డైఫ్లోరోమెథాక్సీ (మిథైల్‌లో రెండు హైడ్రోజన్లకు బదులు ఫ్లోరిన్లున్న మెథాక్సీ) పెడితే రెండూ నిలిచాయి. సంబరపడేలోపే హెర్గ్ పరీక్షలో దెబ్బతిన్నది. గుండె కండరంలో పొటాషియం అయాన్లు దాటే ద్వారం పేరు హెర్గ్. మన అణువు దానిని మూసేస్తే గుండె లయ తప్పవచ్చు. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర 1998లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకున్నది ఈ కారణంగానే. మా అణువులోని అమీన్ క్షారగుణం తగ్గించి చూశాము, ఆ ద్వారం వదిలింది, కానీ అణువు నీటిలో కరగడం మానేసింది. ఒక మూల సరిచేస్తే మరో మూల లేచే చిన్న దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది ఈ పని. నాకు నచ్చింది కూడా అదే, ఎందుకో అడగకండి.

ఎలుకల పరీక్షలు దాటినా భరోసా లేదు. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు రూపొందించిన మధుమేహపు అణువు రాగాగ్లిటాజార్ డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్ చేతికి వెళ్లి, మనుషుల మీద పరీక్షల దాకా నడిచింది. ఈలోగా ఎలుకల మీద సాగుతున్న దీర్ఘకాలిక పరీక్షలలో మూత్రాశయ కణితులు బయటపడ్డాయి. 2002లో మనుషుల మీద పరీక్షలు నిలిపివేశారు. అదే కోవకు చెందిన సారోగ్లిటాజార్‌ను అహ్మదాబాదులో జైడస్ వారు తయారుచేశారు. దానికి 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. మొదటి అణువు ఆగిపోయింది దాన్ని చేసినవారికి పనితనం తక్కువై కాదు. కణితులు వస్తాయో రావో ఏ ఎన్‌ఎంఆర్ కాగితమూ ముందుగా చెప్పదు.

కాబట్టి అణువు మందు అవుతుందా అన్న దిగులు పక్కనపెట్టి, చేరిన మొదటి వారంలో రెండు పనులు చేయండి. బయాలజీ విభాగానికి వెళ్లి, మీ పొడితో వారు ఏమి చేస్తారో ఒక రోజంతా పక్కన నిలబడి చూడండి. ప్రతి బ్యాచ్ నుంచి రెండు మిల్లీగ్రాములు విడిగా దాచండి. పాత సీసా దాచి ఉండకపోతే నా జింకు సంగతి ఎప్పటికీ తేలేది కాదు. చేతి తొడుగుల విషయంలో మాత్రం బద్ధకించకండి. మీరు చేసే పొడి విషమో కాదో మీరు పరీక్షకు పంపేదాకా ఎవరికీ తెలియదు.