పెరటి గుంటలో చేపలకు చలికాలం జాగ్రత్తలు

భీమవరం వైపు 2 సెంట్ల గుంటలో బొచ్చె, శీలావతి ఉంటే చలికి ఏం చేయాలన్నది ప్రశ్న. మన డెల్టాలో నీళ్లేమీ గడ్డకట్టవు, చిక్కంతా మేతతోనే. చల్లటి నీళ్లలో చేపకు అరుగుదల మందగిస్తుంది. తినని తవుడు, నూనె తీసిన చెక్క అడుగున కుళ్లి ప్రాణవాయువును లాగేస్తాయి. అందుకని డిసెంబరు, జనవరిలో మేత సగానికి తగ్గించి, ఎండెక్కాక 10 గంటలకు వేయండి. మంచు విడవని రోజు అసలు వద్దు. నీటిలోతు 5 అడుగులు ఉండాలి. కార్తీకంలోనే సెంటుకు అరకిలో వ్యవసాయ సున్నం నానబెట్టి చల్లితే ఎర్రమచ్చల జబ్బు ముప్పు తగ్గుతుంది, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5 దాటితే మాత్రం చల్లకండి. తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే మోటారు వేసి నీళ్లు ఎత్తు నుంచి పడేలా పెట్టండి. గట్టుకు ఒళ్లు రుద్దుకుంటుంటే ఒకదాన్ని పట్టి చూడండి, పేను పట్టి ఉండొచ్చు.