ఉప్పునీటిలో పనిచేసేవారు స్మార్ట్‌వాచ్‌ను ఎలా శుభ్రం చేసుకోవాలి?

ఛార్జింగ్ పిన్నుల చుట్టూ తెల్లటి పొర కడుతోందని, సబ్బునీళ్లతో కడగవచ్చా, శానిటైజర్‌తో తుడవవచ్చా అని మీరు అడిగారు. కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే నాకు రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తిన ప్రతిసారీ చేయి మణికట్టు దాకా మునుగుతుంది కాబట్టి, నేను పాటించే పద్ధతినే చెబుతాను.

ఆ పొర చాలావరకు ఉప్పే. దానిని పొడిగుడ్డతో రుద్దకండి, అందులో కలిసిన ఇసుక అద్దాన్ని గీస్తుంది. ఆ ఉప్పు చెమ్మగా ఉండగానే ఛార్జింగ్ పెడితే పిన్నుల పూత తినేసుకుపోతుంది. అందుకే ఇంటికి రాగానే వాచీని ఆపి, పట్టీ విడదీసి, సన్నటి ధార కింద మంచినీళ్లతో కడుగుతాను. మన తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానే ఉంటాయి కనుక తాగే క్యాను నీళ్లు వాడడం మేలు. పిన్నుల చుట్టూ ఉన్న గాడిని మాత్రం తడిపిన మెత్తటి టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తుడవాలి.

వెనుక 5 ఏటీఎం అని రాసి ఉన్నంత మాత్రాన ఎల్లకాలం నీటికి భయం లేదనుకోకూడదు. అది 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిని ప్రయోగశాలలో తట్టుకుందని మాత్రమే చెబుతుంది. లోపలి సీలు వాడకంతో పట్టు కోల్పోతుంది. పాతబడిన వాచీని, అద్దం చిట్లినదాన్ని, నీటిని తట్టుకుంటుందని రాసి లేనిదాన్ని తడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

సబ్బు వాచీకి వద్దు. అది నీటి తలతన్యతను తగ్గించడం వల్ల, మామూలుగా లోపలికి పోని నీరు కూడా సన్నటి సందుల్లోకి జారుతుంది. సిలికాన్ పట్టీని మాత్రం విడిగా సబ్బుతో కడుక్కోవచ్చు. తోలు పట్టీని నీటిలో పెట్టవద్దు. జెల్ శానిటైజర్‌లోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది. ఆపిల్ సంస్థ తన వాచీల పైభాగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో తుడవవచ్చంటుంది. మీది వేరే కంపెనీ వాచీ అయితే దాని సూచనల పుస్తకం చూడండి.

వెనుక పచ్చలైటు వెలిగే సెన్సర్ గాజును మరవకండి, దానిపై చెమట పొర ఉంటే నాడి లెక్క తప్పవచ్చు. స్పీకర్ రంధ్రాల్లో పిన్నీసు గుచ్చవద్దు, ఆ వైపు కిందికి ఉండేలా మెత్తటి గుడ్డపై పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. పిన్నులు, గాడి పూర్తిగా ఆరాకే ఛార్జర్ తగిలించండి.